మ్యూనిక్‌లో మూడవ తరగతి

బిడ్డలను వెంటబెట్టుకొని విదేశమునకు తరలు గృహస్థులకు వీసా, ఇల్లు, విమానపు టిక్కెట్లు అను చింతలన్నియు తీరిన పిమ్మట గూడ తీరక మిగులు చింత యొకటి కలదు: పిల్లలను ఏ బడిలో వేయవలెను? దీనిని తత్త్వవిచారమునకు తగిన విషయముగా ఎవరును తలంపరు. ఫీజులు, ర్యాంకులు, బస్సు దూరము చూచి తేల్చుకొందురు. అయినను, చిరకాలము కళాశాలలో తత్త్వశాస్త్రము బోధించి ఇప్పుడు గుంటూరులో విశ్రాంతి గైకొనియున్న మా మాస్టారికిని, ఆయన పూర్వశిష్యురాలికిని మొన్న వేసవిలో జరిగిన సంభాషణమును ప్రక్కన కూర్చుండి విన్న తరువాత, ఇది ఫీజులతో తేలు సంగతి కాదని నాకు తోచినది.

ఆమె భర్తకు మ్యూనిక్ నగరమున ఉద్యోగమైనది. కూతురికి తొమ్మిదేండ్లు, ఇక్కడ మూడవ తరగతి ముగించినది. కొడుకు అయిదేండ్లవాడు; వానితో గొడవ లేదు, ఆ వయస్సువాడు ఆటలలోనే భాషను పట్టుకొనును. చిక్కంతయు కూతురితోనే.

"మాస్టారూ, ఇంగ్లీషులో బోధించు ఇంటర్నేషనల్ స్కూలు నొకదానిని చూచి దరఖాస్తు గూడ పెట్టితిమి. ఏటికి 20 వేల యూరోలకు పైమాటే. సర్కారు బడికి ఫీజే లేదు గాని, పాఠమంతయు జర్మను భాషలో. ఏది మేలో మీరు చెప్పవలెను" అని ఆమె అడిగెను.

"అక్కడ ఎన్నేండ్లుందురు?"

"అది ఇప్పుడే ఏమి చెప్పగలము? రెండేండ్లు కావచ్చును, ఇరువదేండ్లు కావచ్చును."

"అట్లయినచో నీవు బడిని ఎన్నుకొనుట లేదమ్మా, ఏదియు ఎన్నుకొనకుండుటకు ఏటేటా 20 వేల యూరోలు చెల్లింపదలచితివి."

ఆమె నొచ్చుకొనలేదు, మాస్టారి మాటలోని వాడి ఆమెకు కొత్త గాదు. "ఇంగ్లీషు చదువైనచో ఎప్పుడు కావలసిన అప్పుడు తిరిగి రావచ్చును గదా! ఆ వెసులుబాటు కోరుట తప్పా?" అనెను.

"తప్పు గాదు. కాని నీవు నిర్ణయింపకున్నను కాలము నిర్ణయించును. ఇక్కడి సంగతి చూడుము. రాజ్యాంగమున 371-డి అధికరణముననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము, ఇంజనీరింగు మొదలగు సీట్లలో 85 శాతము స్థానికులకు. స్థానికుడనగా, ప్రధానముగా, అర్హతాపరీక్షతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఇక్కడ చదివినవాడు. అనగా నీ కూతురు తొమ్మిదవ తరగతికి ఇక్కడ లేనిచో ఆ గడువు దాటిపోవును. నీవు ఏ ఖరీదైన బడిలో చదివించినను అది ఆగదు. మరి అక్కడి గడువు ఎప్పుడు?"

"ఇంకను ముందే" నని ఆమె నిట్టూర్చి చెప్పుకొని వచ్చెను. బవేరియా రాష్ట్రమున అందరికిని కలిసిన ప్రాథమిక విద్య నాలుగేండ్లే. నాలుగవ తరగతి పిల్లలకు మే నెల మొదట ఒక పత్రమిత్తురు. జర్మను, గణితము, పరిసరవిజ్ఞానము అను మూడింటి సగటు 2.33 వరకున్నవారికి, విశ్వవిద్యాలయమునకు నేరుగా కొనిపోవు గిమ్నాజియం, 2.66 వరకున్నవారికి రెయాల్‌షూలె, తక్కినవారికి మిటెల్‌షూలె. అక్కడ ఒకటి ఉత్తమము, ఆరు అధమము. మన మార్కులకు తలక్రిందు లెక్క.

మాస్టారు కన్నులు మూసికొని వినుచుండిరి. "ప్లేటో 'రిపబ్లిక్'లో, పౌరుల ఆత్మలయందు దేవుడు కొందరికి బంగారము, కొందరికి వెండి, కొందరికి ఇనుమును కంచును కలిపెనను కట్టుకథను ప్రజలచేత నమ్మింపుమని చెప్పెను. మీరు పోవు సీమవారు ఆ లోహమును రెండు దశాంశస్థానముల వరకు తూచుచున్నారు."

"అంత నిర్దయ కాదు లెండి. రెయాల్‌షూలె చదివినవారు గూడ మరియొక పాఠశాల మీదుగా ఉన్నతవిద్యకు పోవచ్చును. మొదటి తరగతినుండి అక్కడ చదువని పరభాషల పిల్లలకు, కొరత జర్మను రాకపోవుటవలననే కలిగి, అది సరిదిద్దదగినదని తోచినచో, 3.33 వరకు గిమ్నాజియంలో చేర్చుకొనవచ్చునట. అయినను మన మాట చెప్పుడు! ఆరవ తరగతినుండియే ఐఐటీ ఫౌండేషను పేరిట పిల్లలను సెక్షనులుగా విడదీయు మనకు ప్లేటోను చూపి వారిని తప్పుపట్టు అర్హత కలదా?"

"లేదు" అని మాస్టారు నవ్విరి. "వారు ఒక్కమారు తూచుదురు, మనము వారము వారమును. కాని ఒక్క సంగతి మరువకుము. 1920లో చట్టము చేసి, అంతకు పూర్వము తమ పిల్లలకు వేరు సన్నాహక పాఠశాలలు నిలుపుకొన్న సంపన్నులను, పేదలను కలిపి, నాలుగేండ్లు ఒకే బడిలో కూర్చుండబెట్టిన దేశమది. ఆ కలిసి కూర్చుండు భాగమునే నీవు డబ్బిచ్చి తప్పించుకొనబోవుచున్నావు. నీ కూతురు మ్యూనిక్‌లో నివసించును గాని, క్రింది వాటా పిల్ల ఆమెకు పరాయిదిగానే యుండును."

ఆమె అప్పుడు ఫోనులో ఒక చిత్రము చూపెను. అక్కడనే యున్న బంధువుల పిల్ల లెక్కల పుస్తకములోని పుట యది. నీలిసిరాతో, ఫౌంటెన్ పెన్నుతో వ్రాసినది. గుణకారమునకు ఇంటూ గుర్తు లేదు, అంకెల నడుమ ఒక చుక్క, భాగహారమునకు రెండు చుక్కలు, దశాంశమునకు కామా, ఒకటి అంకెకు పైన పొడవైన కొక్కెము, మనవారు చూచినచో ఏడనుకొందురు. మాస్టారు కన్నద్దములు సవరించుకొని, దానిని పెద్దది చేయించి, చాలసేపు చూచిరి. "ఎక్కములన్నియు వచ్చిన పిల్లయు మొదటి నెలలో ఇందు తప్పులే చేయును. ఆ తప్పులు బుద్ధివి గావని తేలుటకు కాలము పట్టును. నాలుగవ తరగతిలో వేసినచో ఆ కాలమెక్కడిది? సెప్టెంబరు నడుమ బడి తెరతురు. మే నెలలో పత్రము. ఎనిమిది నెలలు! మరల మూడవ తరగతిలో వేయరాదా?"

ఆమె ముఖము మారినది. "ఒక సంవత్సరము వృథా యగును గదా! మా వారు ఒప్పుకొనరు. ఇక్కడివారు పిల్ల ఫెయిలయినదందురు."

"ఆ సంవత్సరము ఎవరిదమ్మా? నీదా, మీ వారిదా, ఇక్కడివారిదా? ఛాందోగ్యమున సత్యకాముని చదువు ఎట్లు మొదలయ్యెను? గౌతముడు నాలుగువందల బక్క ఆవులనిచ్చి తోలుకొనిపొమ్మనెను. వేయి యగువరకు రానని వాడు పోయెను. వృషభము, అగ్ని, హంస, నీటిపక్షి వానికి బోధించినవి. ఇన్నేండ్లు వృథా యయ్యెనని గురువు అనలేదు."

"సత్యకాముడు తానే గురువును వెదకికొని పోయెను మాస్టారూ! నా కూతురిని ఎవరడిగిరి? ఊరు మారుదమా అని అడుగలేదు, అమ్మమ్మను విడుతువా అని అడుగలేదు."

మాస్టారు వెంటనే బదులు చెప్పలేదు. ఈ ప్రశ్న ఆయన దృష్టాంతమును నిజముగా దెబ్బతీసినదని నా అభిప్రాయము. ఉపనిషత్తులను ఉదహరించు పెద్దలు తరచుగా మరచునది శిష్యుని సమ్మతియే. కొంతసేపటికి, "ఊరు మార్చుట ఆ పిల్ల చేతిలో లేదు, ఏ తరగతిలో కూర్చుండునో అడుగవచ్చును. పోయి అడుగుము" అనిరి.

ఇంటి సంగతియు వచ్చినది. అక్కడ సర్కారు ప్రాథమిక పాఠశాలను తల్లిదండ్రులెన్నుకొనరు; కాపురమున్న పేట ఏ బడి పరిధిలోనిదో ఆ బడికే పోవలెను. కనుక బడిని వెదకుట యనగా అద్దెయిల్లు వెదకుటయే. తెలుగును గూర్చి ఇద్దరును ఎక్కువ మాటాడలేదు. అది ఏ బడివలనను నిలువదనియు, రాత్రి భోజనముల వేళ ఇంట ఏ భాష వినబడునో అదియే నిలుచుననియు వెంటనే ఏకాభిప్రాయమునకు వచ్చిరి. ఒక విషయమున మాత్రము మాస్టారు తొందరపడిరనక తప్పదు. అక్కడి ప్రాథమిక పాఠశాలలు పెక్కు మధ్యాహ్నమునకే విడుచును; పిదప పిల్లలను చూచుకొను కేంద్రములలో చోటు దొరకుట సులభము గాదు; దొరకనిచో ఉద్యోగము మానుకొనునది తండ్రి గాదు, తల్లియే. ఇంటర్నేషనల్ స్కూలు సాయంకాలము వరకు నడచును. ఆమె దానివైపు మొగ్గుటకు ఇదియు నొక కారణము. ఆమె చెప్పలేదు, మాస్టారు అడుగలేదు.

ఆ రాత్రి ఆమె కూతురినడిగినదట. "మూడవ తరగతివాళ్లు గూడ ఫౌంటెన్ పెన్నుతోనే వ్రాయుదురా?" అని ఆ పిల్ల అడిగి, ఔనన్న మీదట ఒప్పుకొన్నదట. భర్త వారమునకు గాని దిగిరాలేదు. గిమ్నాజియం ముగియువరకు అక్కడనే యుండుటయా, తొమ్మిదవ తరగతికి ముందే తిరిగివచ్చుటయా యనునది, పిల్ల ఆరవ తరగతిలో నుండగా తేల్చుకొందమని భార్యాభర్తలు గడువు పెట్టుకొనిరి. సెప్టెంబరులో ఆ పేట బడి ప్రధానోపాధ్యాయిని అనుమతించి పిల్లను మూడవ తరగతిలో చేర్చుకొనెను. తల్లి ఇప్పటికి సగము పూట పనిచేయుచున్నది. ఇంటర్నేషనల్ స్కూలువారికి కట్టిన దరఖాస్తు రుసుము మాత్రము తిరిగి రాలేదు.