మిగిలిన మెట్లు

"కొండ ఎక్కి ఏం చేస్తావు?" అన్నారు మావారు.

"దిగుతాను" అన్నాను.

"అందుకు సతారా దాకా పోవాలా? మన జూబిలీ హిల్స్‌లో ఎత్తుపల్లాలు లేవూ?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నలభై అయిదేళ్ళ ఆడది, చేతిలో ఉన్న నవల సగంలో ఆపేసి, రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్ళి, మహారాష్ట్రలో ఒక ఘాట్ రోడ్డు మీద పరుగెత్తి, మళ్ళీ బస్సెక్కి ఇంటికి రావడంలోని పరమార్థం ఏమిటని నిలదీస్తే ఏం చెబుతుంది? డాక్టరు చెప్పలేదు. బరువు తగ్గాలనీ కాదు. (తగ్గాలి. కానీ అందుకు కాదు.)

హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్ల మీద మరో 97.5 మీటర్లు. సతారాలో ఇది 2012 నుంచి జరుగుతోంది. వానలింకా పూర్తిగా వెనకపట్టు పట్టని రోజుల్లో, ఊళ్ళోంచి బయల్దేరి, యవతేశ్వర్ ఘాట్ మీదుగా కాస్ పీఠభూమికి పోయే దారిలో సగం దూరం ఎక్కి, అక్కణ్ణించి వెనక్కి తిరిగి దిగడం. ఎక్కేటప్పుడు కష్టం గుండెది, దిగేటప్పుడు తొడలది. దిగడం సులువనుకునే వాళ్ళకి మర్నాడు ఇంట్లో మెట్లు దిగుతుంటే తెలిసొస్తుంది.

నేను పెట్టుకున్న షరతు ఒక్కటే. ఎక్కడా నడవకూడదు. ఎంత మెల్లిగానైనా సరే, పరుగే. ఆ సంగతి అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నలుగురికీ చెబితే అది పరువు సమస్య అయి కూర్చుంటుంది. అమ్మకి చెప్పడం బావిలో వేసినట్టే.

ఘాట్ సగం ఎక్కేసరికి మబ్బు రోడ్డు మీదికి దిగింది. కింద ఊరు కనిపించడం మానేసింది. నా చుట్టూ అందరూ నడుస్తున్నారు, కుర్రాళ్ళతో సహా. ఒక పెద్దాయన తాపీగా నడుస్తూనే నా పరుగుని దాటి వెళ్ళిపోయాడు! సరిగ్గా అప్పుడే లోపల్నించి ఒక ప్లీడరు లేచాడు.

"మాట ఇచ్చింది నువ్వు, పుచ్చుకున్నదీ నువ్వే. అప్పిచ్చిన మనిషి వదులుకుంటే అప్పు చెల్లిపోయినట్టేగా? వదిలేసుకో."

మీరే చెప్పండి, ఆ వాదంలో తప్పేముంది? పక్కింటావిడకి చేబదులిచ్చి, 'పోన్లెండి, మళ్ళీ ఇవ్వొద్దు' అంటే ఆ క్షణంతో ఋణం తీరిపోతుంది. నాకు నేను ఇచ్చుకున్న మాటకి మాత్రం ఆ వెసులుబాటు ఎందుకుండకూడదు?

ఈ చిక్కు నా ఒక్కదానికే ఎదురైంది కాదు. బి.ఏ.లో ఫిలాసఫీ పేపరు కోసం నేను బట్టీపట్టిన కాంట్ మహాశయుడు 1797లో నీతిశాస్త్రం మీద అచ్చేసిన గ్రంథంలో ఇదే ప్రశ్న వేసుకున్నాడు. కట్టిన వాడూ కట్టుబడిన వాడూ ఒక్కడే అయితే, కావాలన్నప్పుడు ముడి విప్పుకోవచ్చు కదా, ఇక అది ముడి ఎలా అవుతుందీ అని. చివరికి, మన పట్ల మనకే బాధ్యత లేకపోతే ఇంకెవరి పట్లా ఏ బాధ్యతా ఉండదని తేల్చాడు. ఒకే మనిషిలో ఆకలీ అలసటా ఉన్న వాడొకడు, శాసించే వాడొకడు ఉంటారన్నాడు. బాగానే ఉంది. ఆయన రోజూ వేళ తప్పకుండా వాహ్యాళికి వెళ్ళేవాడు గానీ ఒంటికి చెమట పట్టనిచ్చేవాడు కాదట. ఒక్కసారి ఘాట్ ఎక్కి ఉంటే, ఆ శాసించే వాడు ఎంత తొందరగా రాజీకొస్తాడో తెలిసేది!

నాకు మాత్రం అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గితే, అలిపిరి నుంచి నడిచి వస్తాననీ, మోకాళ్ళ పర్వతం మోకాళ్ళ మీదే ఎక్కుతాననీ వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది. అలిపిరి దారిలో మొత్తం 3,550 మెట్లు. మోకాళ్ళ పర్వతం సగంలో చర్మం లేచిపోయి అమ్మ నిలబడిపోయింది. "చాల్లే, స్వామికి తెలీదూ!" అన్నారు నాన్న. నాయనమ్మా అదే మాట అంది. వడ్డీకాసులవాడని పేరు పడ్డ స్వామి కూడా కిక్కురుమనలేదు. మిగతాది మామూలుగా ఎక్కి దర్శనం చేసుకుని వచ్చేశాం. మరుసటేడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళి, కిందటేడు లేచి నిలబడ్డ మెట్టు దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎందుకమ్మా?" అంటే "మిగిలాయి" అంది, అంతే.

మొక్కుబడి అంటే చెల్లించి తీరవలసిన మొక్కు. ఇప్పుడు 'ఏదో మొక్కుబడిగా చేశాడు' అంటే మనసు పెట్టకుండా చేశాడని. ఎన్ని వేలమంది రాజీపడితే ఒక మాటకి అలాంటి గతి పట్టిందో!

అన్నట్టు, నేను నడిచాను. అమ్మ గుర్తొచ్చాక కూడా నడిచాను. ఒక మలుపు నుంచి ఇంకో మలుపు దాకా. తరవాత మళ్ళీ పరుగందుకుని, వెనక్కి తిరిగి, కొండ దిగి, మెడల్ వేయించుకున్నాను. ఆ పెద్దాయనకీ అదే మెడల్.

ఇంటికొచ్చిన సాయంత్రమే పక్కింటావిడ వచ్చింది. "ఎక్కడా ఆగకుండా పరుగెత్తారటగా! మీవారు చెప్పారు" అంది. నవ్వి కాఫీ ఇచ్చాను. 'లేదండీ, కొంచెం నడిచాను' అనడానికి నోరు రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ప్లీడరు కోసం వెతికాను. అప్పు నిజంగా మాఫీ అయితే దాన్ని దాచిపెట్టడమెందుకు? పక్కింటావిడకి వదిలేసిన చేబదులు గురించి నేనెప్పుడూ సిగ్గుపడలేదే! అంటే ఆ మాఫీ కాగితం మీద సంతకం పెట్టని మనిషి ఇంకెవరో లోపల కూర్చుని ఉన్నారన్నమాట. ప్లీడరు పలకలేదు. ఘాట్ మీద తప్ప అతను మాట్లాడడు.

మర్నాడు అమ్మ ఫోన్ చేసింది.

"నడిచావా?"

"కొంచెం."

"ఎన్ని అడుగులు?"

"నూటపది."

కాసేపు అటునించి మాట లేదు.

"లెక్కపెట్టావన్నమాట" అని, గోంగూర పచ్చడి సీసా ఇచ్చి పంపిన అబ్బాయి వచ్చాడా, రాలేదా అని అడిగింది.