చేపకూ హక్కుంది

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టారు. లోపల తడి తగిలింది. తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వ్యాపారిని నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు.

రంగుచేపల దుకాణంలోనూ ఈ దాచిన తడి ఉంటుంది. గోల్డ్‌ఫిష్‌ను చిన్న గాజు గిన్నెలో వేసి పిల్లవాడి చేతికిస్తారు. అది జానెడు దాకా పెరగగలదనీ, పదేళ్లకు పైగా బతకగలదనీ చెప్పరు. దాని విసర్జనతో నీటిలో అమ్మోనియా చేరి ఆ గిన్నే విషమవుతుందనీ, కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుందనీ చెప్పరు. చెబితే బేరం పోతుందని భయం!

పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ నరకం పాలయిందని హదీసు చెబుతోంది. లోపం దాచితే వ్యాపారంలో శుభం తొలగిపోతుందనీ ప్రవక్త (స) తెలిపారు. కనుక అమ్మేవారు అడగకముందే చెప్పాలి, కొనేవారు అడిగి తెలుసుకోవాలి. బేరం పోతే మరొకటి వస్తుంది. శుభం పోతే ఏం మిగులుతుంది?

అల్లాహ్ మనకు నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.