ఎన్ని దేశములు చూచిన యాత్ర సార్థకము?

పూర్వము వ్యాపార కుటుంబములలో దూరప్రయాణమనగా సరుకు కొనుగోలుకో, పెండ్లికో, తీర్థయాత్రకో జరిగెడిది. నేడు వేసవి సెలవులు దగ్గరపడగానే ఐరోపా పేరు వినబడుచున్నది. పిల్లలు చదువుకొన్నవారు, చేతిలో నాలుగు డబ్బులున్నవి, వీసాలు దొరకుచున్నవి. కావున పోవుటలో తప్పేమియు లేదు. అయితే ప్రయాణపు కాగితమును బల్లమీద పరచినప్పుడు మొట్టమొదట పుట్టు ప్రశ్న “ఎందుకు?” అని కాదు, “ఎన్ని?” అని. పన్నెండు దినములలో ఎనిమిది దేశములు చూపుదుమని ఒకరు, పది చూపుదుమని మరియొకరు ప్రకటించగా, పది చూపువారిదే చవుక బేరమని ఇంటిల్లిపాదియు తేల్చుదురు.

అంగడిలో ఇట్టి బేరమును ఏ వర్తకుడును చేయడు. బట్టల కొట్టువాడు తానుల సంఖ్య మాత్రమే చూచి సరుకు దింపుకొనడు. నేత చూచును, రంగు చూచును, తన ఊరిలో అది ఎవరికి పనికివచ్చునో ఆలోచించును. అమ్ముడుపోని సరుకు చవుకగా వచ్చినను నష్టమేయని వానికి తెలియును. యాత్ర విషయమున మాత్రము ఈ వివేకమును ఇంటివద్దనే వదలి పోవుదురు. తిరిగివచ్చిన పిదప ఫోటోలు వేలకొలది ఉండును. ఏ గోపురము ఏ ఊరిదో చెప్పబోయి భార్యాభర్తలు వాదులాడుకొందురు.

అట్లయిన యాత్రకు అర్థము ఎచ్చట నుండి వచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము ఒక వర్తకుని ప్రయాణములోనే కలదు. ఆయన పేరు హెన్రీ డ్యూనాంట్. 1828లో జెనీవా నగరములో పుట్టెను. అల్జీరియాలో పిండిమిల్లులు పెట్టి, వానికి కావలసిన భూమి, నీటి హక్కులు దొరకక తిరిగి తిరిగి విసిగి, తుదకు ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్‌నే కలిసికొని అర్జీ ఇచ్చుకొందమని బయలుదేరెను. చక్రవర్తి అప్పుడు ఇటలీలో సేనలతో ఉండెను. 1859 జూన్ 24వ తేదీన సోల్ఫెరినో అను గ్రామమువద్ద ఫ్రాన్సు, సార్డీనియా సేనలు ఒక ప్రక్క, ఆస్ట్రియా సేనలు మరియొక ప్రక్క నిలిచి పోరాడినవి. ఆ ఒక్క దినమున మృతులు, క్షతగాత్రులు కలిసి దాదాపు 40,000 మంది. ఆ సాయంకాలమున డ్యూనాంట్ దాపుననున్న కాస్తిల్యోనె పట్టణము చేరెను. సుమారు 9,000 మంది గాయపడినవారు ఆ చిన్న ఊరి వీధులలో, చర్చీలలో పడియుండిరి. నీరిచ్చువారు లేరు, కట్టు కట్టువారు లేరు.

ఆయన వచ్చిన పని వేరు. అయినను అక్కడ ఆగెను. ఊరి స్త్రీలను కూడగట్టెను. తన బండివానిని బ్రెషియా పట్టణమునకు పంపి నిమ్మపండ్లు, చక్కెర, చొక్కాలు, కట్టుగుడ్డలు తెప్పించెను. ఆ స్త్రీలు వీడు మనవాడు, వాడు శత్రువు అని చూడక అందరిని తోబుట్టువులవలె సేవించిరి. మిల్లుల అర్జీ ఫలించలేదు. కాని 1862లో ఆయన ఆ అనుభవమును పుస్తకముగా వ్రాసి, స్వంత ఖర్చుతో 1,600 ప్రతులు అచ్చువేయించి పంచిపెట్టెను. 1863లో జెనీవాలో ఐదుగురితో ఒక కమిటీ ఏర్పడెను. 1864 ఆగష్టు 22న పన్నెండు రాజ్యములు మొదటి జెనీవా ఒప్పందముపై సంతకము చేసినవి. రెడ్‌క్రాస్ పుట్టుక ఇదియే.

దీనినుండి యాత్రికుడు గ్రహింపదగినవి రెండు. పని పెట్టుకొని పోయినవానికే కన్నులు తెరచియుండునన్నది మొదటిది. దారిలో ఆగుటకు వ్యవధి ఉన్నవానికే యాత్ర ఫలించునన్నది రెండవది. మరునాటి ఉదయము ఆరు గంటలకు ఇంకొక దేశమునకు బండి ఎక్కవలసియుండిన మనిషి ఎంత మంచివాడైనను కాస్తిల్యోనెలో ఆగజాలడు.

కావున ఐరోపాలో రైలు యాత్ర తలపెట్టు కుటుంబము దేశముల పట్టికకు ముందు ఒక ప్రశ్నను ఎన్నుకొనవలెను. ఆ ప్రశ్న నేతను గురించి కావచ్చును, సంగీతమును గురించి కావచ్చును, ఓడరేవులను గురించి కావచ్చును. ఈ వర్తకుని అడుగుజాడలే ప్రశ్నగా తీసికొన్నచో దారి ఎట్లుండునో చూతము.

మొదట పారిస్. అచ్చట మూడు రాత్రులు. డ్యూనాంట్ ఏ చక్రవర్తి అనుగ్రహము కోరెనో ఆ చక్రవర్తి నివసించిన ట్యూలరీస్ రాజభవనము 1871లో తగులబడిపోయినది. నేడు ఉద్యానవనము మాత్రము మిగిలియున్నది. పారిస్ నుండి జెనీవాకు వేగబండిలో మూడు గంటలకు పైగా పట్టును. జెనీవాలో మూడు రాత్రులు. అచ్చటి రెడ్‌క్రాస్ మ్యూజియమునకే ఒక పూట కావలెను. జెనీవా నుండి మిలాన్‌కు సుమారు నాలుగు గంటలు. ఈ దారిలో 1906లో తెరచిన సింప్లాన్ సొరంగము కలదు. దాని పొడవు దాదాపు 20 కిలోమీటర్లు. మిలాన్‌లో బండి మారి దెజెన్జానో అను సరస్సు ఒడ్డు ఊరిలో దిగి నాలుగు రాత్రులుండవలెను. సోల్ఫెరినో, కాస్తిల్యోనె అచ్చటికి దక్షిణమున దగ్గరనే ఉన్నవి. సోల్ఫెరినోకు రైలు లేదు, బస్సో టాక్సీయో పట్టవలెను.

తరువాత వెరోనా మీదుగా బ్రెన్నర్ కనుమ దాటి ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌కు పోవలెను. అచ్చట రెండు రాత్రులు. ఓడిపోయినవారి దేశము కూడ చూడనిదే ఆ యుద్ధపు కథ పూర్తి కాదు. అక్కడి నుండి ఆర్ల్‌బెర్గ్ కొండల క్రిందుగా వచ్చి, బుక్స్ స్టేషనులో బండి మారి, సరస్సు ఒడ్డుననున్న రోర్షాక్ చేరినచో, అచ్చటి నుండి పళ్ళచక్రముల రైలు కొండమీది హైడెన్ గ్రామమునకు ఎక్కును. అది 1875 నుండి నడచుచున్న రైలు. హైడెన్‌లో రెండు రాత్రులు, చివరకు జ్యూరిక్‌లో ఒక రాత్రి. మొత్తము పదునైదు రాత్రులు, నాలుగు దేశములు.

ఇందులో పెద్ద ప్రయాణపు దినములు ఐదు మాత్రమే. ఐరోపా వెలుపల నివసించువారికి యూరెయిల్ అను పాసు దొరకును. ఒక నెలలో ఏవేని ఐదు దినములు ప్రయాణము చేయుటకు వీలైన పాసు కలదు గనుక ఈ దారికి అది సరిపోవును. అయితే విడి టిక్కెట్లు ముందుగా కొన్న ఎంత అగునో లెక్కవేసి, పోల్చి చూచిన తరువాతనే పాసు కొనవలెను. పాసు ఉన్నంత మాత్రమున ప్రతి బండిలోను సీటు ఉండదు; ఫ్రాన్సు వేగబండ్లకు, ఇటలీ వేగబండ్లకు రిజర్వేషను సొమ్ము వేరుగా కట్టవలెను. వీసా విషయమున ఒక నియమము చాలమందికి తెలియదు. షెన్‌జెన్ వీసాకు మొదట దిగు దేశమున గాక, ఎక్కువ దినములుండు దేశమునకు దరఖాస్తు చేయవలెను. పై లెక్కలో స్విట్జర్లండు ఆరు రాత్రులు, ఇటలీ నాలుగు, ఫ్రాన్సు మూడు, ఆస్ట్రియా రెండు. కావున పారిస్‌లో దిగినను దరఖాస్తు స్విట్జర్లండునకే. ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండి దరఖాస్తు తీసికొందురు. కనీసము 30,000 యూరోల వైద్య బీమా ఉండవలెను.

భోజన విషయము. పాలు, నెయ్యి, వానితో చేసిన మిఠాయిలు బయటి దేశములనుండి ఆ దేశములలోనికి కొనిపోరాదు. అటుకులు, మరమరాలు, నూనెతో చేసిన ఖాఖ్రాలు మేలు. ఇటలీలో “సెంజా చిపొల్లా, సెంజా ఆల్యో” అనగా ఉల్లి, వెల్లుల్లి లేకుండ అని అర్థము. ఈ రెండు మాటలు నేర్చుకొనిపోయిన పెద్దలు సుఖపడుదురు. సూర్యాస్తమయమునకు ముందే భుజించు నియమముగలవారు ఋతువును కూడ ఆలోచించుకొనవలెను. జూన్ నెలాఖరున పారిస్‌లో సూర్యుడు రాత్రి పది గంటల ప్రాంతమున అస్తమించును. డిసెంబరులో సాయంత్రము ఐదు కాకమునుపే చీకటిపడును.

ఇంత చెప్పిన తరువాత ఇంటిలోని పెద్దవారు అడుగదగిన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. “ఈ సొమ్ముతో ఒక పేదపిల్లవానికి చదువు చెప్పించరాదా?” అని. ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. దానికి సులభమైన జవాబు కూడ లేదు. గృహస్థులకు చెప్పబడిన వ్రతములలో దిగ్వ్రతమొకటి. నలుదిక్కుల ఇంతకు మించి పోనని హద్దు ఏర్పరచుకొనుట దాని స్వరూపము. దేశావకాశికమున ఆ హద్దును కొంత కాలమునకు ఇంకను తగ్గించుకొందురు. ఆ వ్రతము పట్టినవారు తమ హద్దును తామెరుగుదురు. పట్టనివారికిని అందులోని యుక్తి ఉపయోగించును. తిరుగుటకు అంతు లేనివాని కోరికకును అంతు ఉండదు. పది దేశములు నాలుగైనప్పుడు ఖర్చు తగ్గును, పరుగు తగ్గును. ఆ మిగిలిన సొమ్ము ఆ పిల్లవానికి చేరవచ్చును. అట్లు చేర్చిన తరువాతనే టిక్కెట్లు కొనుట మంచి పద్ధతి.

డ్యూనాంట్ జీవితమే ఇంకొక కఠినమైన ప్రశ్నను కూడ ఎదుట నిలుపును. లోకసేవలో పడి ఆయన వ్యాపారమును సరిగా చూచుకొనలేదు. 1867లో దివాలా తీసెను. నమ్మి సొమ్ము పెట్టిన జెనీవావారు నష్టపోయిరి. మరుసటి సంవత్సరము తాను పుట్టించిన కమిటీనుండియే తొలగవలసివచ్చెను. జెనీవాకు మరల రాలేదు. పారిస్‌లోను ఇతర నగరములలోను పేదరికమున తిరిగి, 1892 నుండి హైడెన్ ఆసుపత్రిలో ఒక గదిలో కాలము గడపెను. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతి ఆయనకును, ఫ్రెడరిక్ పాసీ అను ఫ్రెంచి పెద్దమనిషికిని కలిపి ఇచ్చిరి. ఆ సొమ్మును తనకొరకు ఖర్చుపెట్టుకొనక సేవాకార్యములకు, హైడెన్ ఆసుపత్రిలో బీదలకొక ఉచిత మంచమునకు వ్రాసిపోయెను. అప్పులవారికి మాత్రము అది చేరలేదు. 1910 అక్టోబరు 30న మరణించెను.

వర్తక కుటుంబములకు ఇది కంటిలో నలుసువంటి సంగతి. ఇచ్చిన మాట, తీసికొన్న సొమ్ము అనువానిపైననే వారి ఇంటి పరువు నిలిచియున్నది. ఇంతటి పుణ్యము చేసినవాడు అప్పు తీర్చకపోయిన ఏమనవలెను? పుణ్యము అప్పునకు చెల్లు అని ఒకరందురు. అప్పు ఎగవేసినవాని పుణ్యము పుణ్యమే కాదని మరియొకరందురు. ఇద్దరును రెండు ఖాతాలను కలిపివేయుచున్నారు. ఒకరి పేరున జమ అయినది ఇంకొకరి బాకీకి చెల్లదని చిల్లర దుకాణపు గుమాస్తాకు కూడ తెలియును. డ్యూనాంట్ పుణ్యము లోకమునకు జమ అయినది, నేటికిని వడ్డీ పెరుగుచున్నది. జెనీవావారి బాకీ బాకీగానే నిలిచినది. ఆ రెండు పద్దులను ఏకకాలమున చూడగలుగుటయే న్యాయము. ఒకనిని దేవునిగా చేయకుండ, దొంగగా చేయకుండ, మనిషిగా తెలిసికొనుట ఇట్లే సాధ్యము.

ఈ మాట ఇంటివద్ద పుస్తకము చదివినను తెలియునుగదా, అంత దూరము పోనేల అని అడుగవచ్చును. కొంతవరకు నిజమే. అయినను సోల్ఫెరినోలో ఒక చిన్న చర్చి కలదు. అందులో ఆ యుద్ధమున పడిన సైనికుల కపాలములు వెయ్యికి పైగా వరుసలుగా పేర్చియున్నవి. వానిలో ఏది ఫ్రాన్సువానిది, ఏది ఆస్ట్రియావానిది అని చూపుతో ఎవరును చెప్పలేరు. అహింసను గురించి చిన్ననాటినుండి వినియున్న పిల్లవాడు ఆ వరుసల ముందు నిలిచినప్పుడు వినినదానికి బరువు వచ్చును. అట్టి చోట తమ ముఖములు ముందు పెట్టి ఫోటో తీసికొనకుండుట పెద్దలు నేర్పవలసిన మర్యాద.

ఇక తిరిగివచ్చిన తరువాతి లెక్క. ప్రయాణపు ఖర్చులు వ్రాసిన పుస్తకములోనే చివరి పుటను ఖాళీగా ఉంచి, ఈ యాత్రవలన ఇంటిలో ఏమి మారినదో ఆరు నెలల తరువాత వ్రాయవలెను. భారతదేశములో రెడ్‌క్రాస్ సొసైటీ 1920 నుండి పనిచేయుచున్నది. అనేక పట్టణములలో దాని శాఖలు, రక్తనిధులు ఉన్నవి. హైడెన్ వరకు పోయి వచ్చిన యువకుడు తన ఊరి శాఖ గుమ్మము ఎక్కి రక్తమిచ్చి రాగలిగిన, ఆ పుటలో ఒక పద్దు పడినట్లే. పాత బాకీ ఒకటి గుర్తుకు వచ్చి అడుగకమునుపే తీర్చివేసిన, మరియొక పద్దు. ఆ పుట ఖాళీగానే మిగిలినచో చూచినవి నాలుగు దేశములైనను నలుబదియైనను లెక్క ఒక్కటే.