తిరిగి వచ్చు కాలము

పఠనభాగము: యిర్మీయా 8:4-9

ఈశాన్యపు వానలు ఆరంభమగు దినములలో సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు బాటమీద నిలిచినవారికి ఇరుప్రక్కలను పులికాటు సరస్సు కనబడును. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలక తరువాత ఇదియే పెద్దది. లోతులేని ఆ నీటిలో ఫ్లెమింగోలను రాజహంసలు మెడలు వంచి మేత వెదకుచుండును. గట్టు వెంబడి బురదలో ఉల్లంకి పిట్టలు పరుగులిడుచుండును. సమీపమునందలి నేలపట్టు 1976లో పక్షుల రక్షితస్థలముగా ప్రకటింపబడెను. అచ్చటి చెరువులోని నీటి కడప చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టి, పులికాటు చేపలతో పిల్లలను పోషించుకొనును. నత్తలను తిని బ్రతుకు కొంగలును వాటి ప్రక్కనే కాపురముండును.

ఆ ఉల్లంకులలో మిక్కిలి చిన్న జాతి 30 గ్రాములైనను తూగదు. అది సైబీరియా ఉత్తరపు అంచున పుట్టును. అచ్చట పెద్దపక్షులు ముందుగా బయలుదేరును. పిల్లలు కొన్ని వారములకు, దారి చూపువారు లేకయే, ఎన్నడును చూడని తీరములకు ఎగిరివచ్చును. సూర్యుని, నక్షత్రములను, భూమి అయస్కాంతశక్తిని బట్టి పక్షులు దిక్కు తెలిసికొనునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. విశ్వాసి దానిని కాదనడు. ఆ తెలివిని వాటియందుంచిన సృష్టికర్తను స్తుతించును.

అనాతోతువాడైన యిర్మీయాయు ఆకాశమువైపు కన్నులెత్తి చూచినవాడే. నేటికిని శరత్కాలమున లక్షలాది కొంగలు పాలస్తీనా మీదుగా ఆఫ్రికాకు పోయి, వసంతమున మరలి వచ్చును. మన తెలుగు బైబిలు సంకుబుడి కొంగ అని చెప్పిన ఆ పక్షికి హెబ్రీ భాషలో 'హసీదా' అని పేరు. విడువని కృప అను భావముగల 'హెసెద్' అను మాటకు అది చుట్టము. ఆ కొంగ తన సమయమును ఎరిగియుండగా దేవుని ప్రజలు ఆయన న్యాయవిధిని ఎరుగకుండిరని ప్రవక్త దుఃఖించెను. వారికి ధర్మశాస్త్రము లేకపోలేదు. అది తమయొద్దనున్నదని వారు అతిశయించిరి. గ్రంథము చేతనుండెను గాని పాదములు తిరుగలేదు.

ఈ అధ్యాయములో 'షూబ్' అను క్రియ మరల మరల వచ్చును. తొలగిపోవుటకును, తిరిగి వచ్చుటకును హెబ్రీయులకు ఆ ఒక్క మాటయే. పక్షి పోవును, వచ్చును. మనమో, పోవుట మాత్రమే నేర్చితిమి.

ఆ క్రియను ఎన్నిమారులు తెనిగించితినో నాకే లెక్క తెలియదు. అయినను తండ్రిగారి ఇంటి పంపకము విషయమై తమ్మునితో మాట మాని ఏడేండ్లాయెను. ఒక కార్తీకమాసపు ఉదయమున, ఎరువు తెచ్చుకొన్న దుర్భిణితో ఆ చిన్న ఉల్లంకిని చూచుచుండగా నా పాండిత్యము నన్ను సిగ్గుపరచెను. దారి తెలియని పిల్లపక్షి తీరము చేరినది. దారి తెలిసిన నేను బయలుదేరనైనను లేదు. ఆ రాత్రియే తమ్మునికి ఉత్తరము వ్రాసితిని. జవాబు ఇంకను రాలేదు. అయినను తిరుగుట నా వంతు. తమ్ముని హృదయము ప్రభువు చేతిలోనున్నది.

ప్రియ చదువరీ, మనము తిరుగకమునుపే, మనమింకను పాపులమై యుండగానే, క్రీస్తు మనకొరకు ప్రాణము పెట్టెను. కాబట్టి మన తిరుగుబాట తెరచియున్నది. నీవు తిరిగి వెళ్లవలసిన గడప ఏది? రానున్న ప్రభురాత్రి భోజనపు బల్లయొద్దకు వచ్చుటకు ముందే నీ సహోదరుని తలంచుకొనుము. కొంగ తన కాలమును దాటనీయదు. మన కాలము నేడే.

ప్రార్థన: కృపగల తండ్రీ, నీ వాక్యము మా చేతులలో మాత్రమే నిలిచిపోనీయకుము. నీయొద్దకును, మేము విడిచిన సహోదరులయొద్దకును మమ్మును త్రిప్పుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.