పదివేలు ఎవరివి?

మా పశ్చిమ ప్రకాశం మెట్టలో సంక్రాంతి వెళ్ళిందంటే తండాలు సగం ఖాళీ అవుతాయి. ముఠా మేస్త్రీ కబురు రాగానే ఆడవాళ్ళు వంటసామాను మూటగట్టుకొని, చంటిపిల్లలను చంకనేసుకొని గుంటూరు, పల్నాడు మిరప కోతలకు బయలుదేరతారు. చేలగట్ల మీద పట్టాలు కట్టుకొని రెండు మూడు నెలలు ఉంటారు. అంతకుముందు పత్తి తీతలు. వీళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళూ ఉంటారు. మిరప ఘాటులో రోజంతా వంగి కోసి, సాయంత్రం కల్లంలో తాలుకాయలు ఏరి, ఆ తర్వాత పొయ్యి వెలిగించాలి. బడిపిల్లల గైర్హాజరు మేము పట్టీలో రాస్తాం. వాళ్ళ తల్లులు ఏ పట్టీలో ఉన్నారో మాకు చాలాకాలం తోచలేదు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఒక మంచి ఆలోచన చేశారు. ఊరి ఆరోగ్యం, పారిశుధ్యం చూసుకోవడానికి ఊళ్ళోనే ఒక కమిటీ. దానికి ఏడాదికి 10,000 రూపాయల దాకా, ఇదే పనికని ముందే కట్టేయకుండా ఇచ్చే డబ్బు. ఏది అవసరమో ఊరే తేల్చుకోవాలి. డబ్బు చిన్నదే. కాని పేదవాళ్ళకు సొమ్ము ఇచ్చేటప్పుడు 'మీకేం కావాలో మీకే తెలుసు' అని నమ్మి ఇవ్వడం అరుదు. ఆ నమ్మకం కోసమే మేము ఈ పథకాన్ని గౌరవిస్తాం.

అయితే లెక్క రెవెన్యూ గ్రామానికి. తండా రెవెన్యూ గ్రామం కాదు.

కొన్నేళ్ళ కిందట మాకు వదిన వరసయ్యే ఒకామె ఎనిమిదో నెలలో కోతలకు వెళ్ళింది. వద్దని ఎవరు చెప్పగలరు? మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు అప్పటికే ఖర్చయిపోయింది. ఒక రాత్రి కాళ్ళు పొంగి, తలనొప్పితో కళ్ళు బైర్లు కమ్మాయి. 108కు ఫోన్ చేస్తే వస్తుంది, నిజమే. కాని ఎక్కడికి రమ్మని చెప్పాలి? ఎవరి చేనో, ఏ డొంకో ముఠాలో ఎవరికీ సరిగా తెలియదు. దగ్గర ఊరి వాళ్ళను అడిగితే 'ఈమె మా లిస్టులో లేదు' అన్నారు. చివరికి ఆటో మాట్లాడుకున్నారు, 1,200 రూపాయలు. ముఠాలో ఆడవాళ్ళు కొంగుముడులు విప్పి తలా కాస్తా వేశారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆ 1,200 కమిటీ డబ్బులోంచి ఆ ఆడవాళ్ళకు ఇప్పిద్దామని మేము మీటింగులో అడిగాం. 'మాస్టారూ, ఒక్క ఇంటికి ఎలా ఇస్తాం? పైగా అది మన ఊళ్ళో జరిగింది కాదు గదా' అన్నారు. ఆ ఏడాది డబ్బు అప్పటికే చాలావరకు బ్లీచింగ్ పౌడరుకు, కాలువల పూడికతీతకు పోయింది. మా తండాలో కాలువలే లేవు.

మాకు కోపం వచ్చింది. కాని ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ మాటలో అబద్ధం లేదు. ఒకటికి మించిన ఇళ్ళకు మేలు చేసే పనులకే ఈ డబ్బు వాడాలని నిబంధనే ఉంది. ఆ నిబంధన ఊరికే పుట్టలేదు. ఒక్కొక్కరికి ఇవ్వడం మొదలుపెడితే ముందు ఎవరి చుట్టాలకు అందుతుందో పల్లెలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు. బడిలో మేమూ అంతే. మధ్యాహ్న భోజనంలో పిల్లవాడికో గుడ్డు. ఒకడు ఎముకలగూడులా ఉన్నా రెండోది వేయడానికి చెయ్యి వెనకాడుతుంది, మిగతా కళ్ళన్నీ చూస్తుంటాయి. సమానంగా పంచితే మనల్ని ఎవరూ తప్పుపట్టరు. ఆ భద్రత పంచేవాడిది. తినేవాడికి అందులో దక్కేదేమీ లేదు.

పైగా కాన్పు అన్నది ఎప్పుడూ ఒక్క ఇంట్లోనే జరుగుతుంది. ఊరంతా ఒకేసారి నొప్పులు పడదు. ఒక్కో రాత్రి ఒక్కో ఇంటి వంతు వస్తుంది. ఈ రాత్రి ఆమెకు వెళ్ళిన ఆటో రేపు ఇంకో ఇంటికీ వస్తుందన్న ధైర్యం ఉంటే, అది అన్ని ఇళ్ళకూ జరిగిన మేలే. మా లెక్కలో అదే సామూహికం. నాలుగు వీధుల్లో చల్లిన సున్నం కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని సామూహికం అనడం తేలిక.

నిబంధనలో ఒక సందు ఉంది. దిక్కులేని స్త్రీకి, మరీ పేద కుటుంబానికి వైద్యం అందడం కోసం ఖర్చుపెట్టవచ్చు. ఆ మాట చెబితే వదిన ఒప్పుకోలేదు. 'నాకు దిక్కు లేకపోవడమేంది, తండా లేదా?' అంది. ఆమె పేరు దిక్కులేనిదానిగా పుస్తకంలో ఎక్కాలి, నలుగురిలో చదవాలి. రిజిస్టరులో పేరెక్కడమంటే మన పెద్దలకు ఉన్న జంకు తెలిసిందే. నేరస్త తెగల చట్టం కాలంలో స్టూవర్టుపురం ఎరుకల వాళ్ళు పేరు పిలిస్తే పలికి హాజరు చెప్పుకున్న రోజులు మరీ అంత దూరంలో లేవు. లెక్క చెప్పమనడం న్యాయమే. లెక్క కోసం మనిషిని చిన్నబుచ్చడం న్యాయమా అన్నదే మా ప్రశ్న.

ప్రభుత్వం ఇచ్చేవి వేరే ఉన్నాయి గదా అంటారు. ఉన్నాయి. జననీ సురక్ష కింద మన రాష్ట్రంలో పల్లెటూరి పేద తల్లికి 700, మాతృ వందన కింద తొలి కాన్పుకు 5,000. అవి హక్కు, వాటిని వదులుకోకూడదు. సంఘానికి చిన్న గ్రాంటు ఇచ్చాం కదా, ఇక మీరే చూసుకోండి అని ఆసుపత్రి, మందులు, డాక్టరు బాధ్యతను ఎవరైనా ఆడవాళ్ళ మీదకు తోస్తే ఒప్పుకోకూడదు. కాని ఆ డబ్బు కాగితాలు కదిలాక బ్యాంకులో పడుతుంది. ఆటోవాడు రాత్రి పదకొండింటికి చేతిలో అడుగుతాడు. చిన్న డబ్బు విలువంతా ముందు అందడంలోనే ఉంది.

జార్ఖండ్, ఒడిశాల్లో ఆదివాసులు ఎక్కువగా ఉన్న మూడు జిల్లాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ చేసిన పని మన టీచర్లు తెలుసుకోవాలి. ఆడవాళ్ళు నెలనెలా కూర్చొని, తమ ఊళ్ళో పసిబిడ్డలు ఎందుకు పోతున్నారో బొమ్మలతో, కథలతో మాట్లాడుకొని, ఏం చేయాలో తామే తేల్చుకున్నారు. 2010లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. సంఘాలు లేని ఊళ్ళతో పోలిస్తే చివరి రెండేళ్ళలో నెలలోపు బిడ్డల మరణాలు 45 శాతం తక్కువ. అక్కడ ముఖ్యంగా అందించింది డబ్బు కాదు, కూర్చొని మాట్లాడుకునే చోటు, మాట నడిపే ఒక స్థానిక స్త్రీ. ఇది చదివాక మాకు ఒకటి అర్థమైంది. మా మీటింగులో పదివేలు ఉన్నాయి గాని వదిన లేదు. ఆమె గురించి మాట్లాడింది మేము, మగ మాస్టర్లం.

తర్వాతి ఏడు మా తండా డ్వాక్రా సంఘం వాళ్ళు మమ్మల్ని అడగకుండానే ఒక పని చేశారు. పొదుపులోంచి 3,000 తీసి, కోతలకు వెళ్ళే ముఠాలో ఒక పెద్ద యాడి చేతికిచ్చారు. ఎవరికి అవసరమో అక్కడికక్కడ ఇద్దరు కలిసి తేల్చాలి. తిరిగొచ్చాక ఖర్చు చెప్పాలి, పేరు చెప్పనక్కరలేదు. కడుపుతో ఉన్నవాళ్ళు తల్లీబిడ్డ కార్డు వెంట తీసుకెళ్ళాలి. చేరిన రోజే దగ్గర ఊరి ఆశా కార్యకర్తను కలవాలి, చేను రైతు ఫోన్ నంబరు, డొంక గుర్తులు రాసి ఉంచుకోవాలి. ఈ చివరిది వదిన చెప్పింది.

ఆ ఏడు 1,850 ఖర్చయింది. మిగిలింది తెచ్చి అప్పగించారు. ఎవరి కోసమో మాకు తెలియదు, మేమూ అడగలేదు. ఆ 1,850 కమిటీ డబ్బులోంచి సంఘానికి తిరిగి జమ చేయమని మళ్ళీ అర్జీ రాశాం. ఈసారి వదినా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ మీటింగుకు వచ్చి మాట్లాడారు. ఊరి పెద్దలు కాదనలేదు, అవుననీ అనలేదు. లబ్ధిదారు పేరు, గ్రామం అని రెండు గడులున్న కాగితం ఇచ్చి నింపుకు రమ్మన్నారు. రెండో గడిలో మా తండా పేరు రాయాలా, ఆ మిరప చేను ఉన్న ఊరి పేరు రాయాలా అని సంఘంలో ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.