హన్నా పెదవులు

చదువవలసిన భాగము: 1 సమూయేలు 1:9–18



కల్లములో ఆరబోసిన మిరపకాయలను మీరు ఏటేట చూచుచున్నారు. ఉదయపు వెలుగు వేరు, మిట్టమధ్యాహ్నపు ఎండ వేరు, మబ్బు పట్టిన వేళ వేరు. కాయనుండి కంటికి చేరు వెలుగు గంటగంటకు మారుచునే యుండును. అయినను ఎరుపు మనకు ఎరుపే. ఇంకొకటి వినుడి. ఎండలోని బొగ్గు, రాత్రి లాంతరు దగ్గరనున్న మల్లెపువ్వుకంటె ఎక్కువ వెలుగును కంటికి పంపును. బొగ్గు తెల్లనిదని చిన్నపిల్లలైనను అనరు గదా!

ఇదెట్లు? అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ లాండ్ (తీసిన వెంటనే ఫోటోను చేతికిచ్చు కెమెరాను కనిపెట్టినవాడు ఈయనే) దీనిని పరీక్షించి, 1977లో ఒక పత్రికలో వివరముగా వ్రాసెను. పలురంగుల కాగితపు ముక్కలతికిన పెద్ద అట్టపై ఎరుపు, ఆకుపచ్చ, నీలి దీపముల వెలుగు వేసెను. మొదట ఎర్రముక్కనుండి వచ్చు వెలుగును కొలిచెను. పిమ్మట దీపములను సవరించి, ఆకుపచ్చ ముక్కనుండియు సరిగా అంతే వెలుగు వచ్చునట్లు చేసెను. యంత్రమునకు రెండును ఒక్కటే. చూచువారికి మాత్రము ఆకుపచ్చ ఆకుపచ్చగానే కనబడెను! కన్ను ఒక్క ముక్కను చూచి తీర్పు చెప్పదు. చుట్టునున్న వాటితో పోల్చి చెప్పును. చుట్టునున్నవి కప్పి ఆ ఒక్కటే చూపినయెడల కన్ను మోసపోవును. (కన్నునకు ఈ నేర్పున్నను, చీర కొనువారు దానిని వాకిటిలోనికి తెచ్చి చూచుట మంచిదే, కొన్ని దీపముల క్రింద కన్ను తప్పును.)

షిలోహులో ఏలీ చూచినది హన్నా పెదవులను మాత్రమే. అవి కదలుచుండెను, శబ్దము లేదు. పెనిన్నా ఏటేట పొడిచిన మాటలు, తినక విడిచిన భోజనము, గొడ్రాలితనపు దుఃఖము ఆయన కంటబడలేదు. త్రాగియున్నదని తీర్పు చెప్పెను. దేవుని యాజకుడే!

నేనును అట్లే చేసితిని. మన సహోదరుడొకడు ప్రతి ఆదివారము ఆశీర్వాదమునకు ముందే లేచి పోవుచుండెను. ప్రసంగములో పేరు చెప్పకయే గద్దించితిని. ఎవరినన్నది అందరికిని తెలిసెను. అతడు రావడము మానెను. అతని భార్య మంచము పట్టియున్నదనియు, ఆ వేళకు ఆమెను లేవదీసి అన్నము పెట్టువారు వేరెవరును లేరనియు తరువాత తెలిసెను.

ఏలీ తన తప్పు తెలిసిన గడియలోనే ఆమెను దీవించి పంపెను. నాకు మూడు వారములు పట్టెను. వారి గడప యెదుట నిలిచినప్పుడు అతడు, “లోపలికి రండి, అయ్యగారూ” అని నాకు పీట వేసి, ఆమెకు గంజి త్రాగించుటకు వెళ్లెను.