ఖాళీ వేళ ఎవరిది?

మన ఇళ్లల్లో ఎంతో ప్రేమగా వాడే మాట ఒకటుంది. "నువ్వు ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా!" గ్యాస్ బండ వస్తుంది, ఖాళీయేగా, కాస్త చూసుకో. బ్యాంకులో పాసుబుక్కు వేయించాలి, ఖాళీయేగా, వెళ్లిరా. ఈ మాట అనేవాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. జీతం ముద్ర పడిన గంటలే గంటలనీ, తక్కినవి గాలికి పోయే పేలపిండి అనీ మనందరికీ మనసులో ఓ మూల నమ్మకం, అంతే.

ఆ నమ్మకం గడప దాటి రైల్వే స్టేషను దాకా నడిచి వెళ్లింది. అక్కడ దాని పేరు "ఆఫ్ పీక్". పొద్దున్న ఆఫీసులకి పరుగెత్తే రెండు మూడు గంటలూ, సాయంత్రం ఇళ్లకి మళ్లే రెండు మూడు గంటలూ రద్దీ వేళ. మధ్యలో మిగిలిందంతా ఖాళీ వేళ. రద్దీ వేళ బండి వెనక బండి. ఖాళీ వేళ వచ్చేసరికి బండికీ బండికీ మధ్య ఎడం పెరిగిపోతుంది. నగరాల్లో లోకల్ రైళ్లు నడిపే తీరు చాలాచోట్ల ఇదే.

మరి ఈ ఖాళీ వేళ ఫ్లాట్‌ఫారం మీద ఎవరుంటారో ఎప్పుడైనా గమనించారా? చందానగర్ నించి నీలోఫర్ ఆసుపత్రికి పసిబిడ్డని భుజాన వేసుకుని బయల్దేరిన తల్లి. నాలుగిళ్లలో గిన్నెలు తోమి ఇంటి దారి పట్టిన పనమ్మాయి. రెండో షిఫ్టుకి వెళ్లే నర్సు. పురిటి మంచం మీదున్న కూతురికి క్యారేజీ పట్టుకెళ్లే అమ్మ. పెన్షను కాగితం కోసం తిరిగే పెద్దాయన. ఒంటిపూట కాలేజీ పిల్లలు. వీళ్లలో "ఖాళీగా" ఉన్నదెవరో నాకైతే కనబడలేదు!

స్పెయిన్ దేశపు పండితురాలు ఇనేస్ సాంచెజ్ దె మదరియాగా దీనికో పేరు పెట్టింది. పిల్లలకోసం, ముసలివాళ్లకోసం, రోగులకోసం, ఇంటి అవసరాలకోసం చేసే తిరుగుళ్లన్నిటినీ కలిపి "సంరక్షణ ప్రయాణాలు" అంది. ప్రయాణాల లెక్కలు తీసేటప్పుడు "ఉద్యోగం" అన్నదానికి నిండైన గడి ఒకటి ఉంటుంది. ఈ సంరక్షణ ప్రయాణాలు మాత్రం "షాపింగు" అనీ, "సొంత పని" అనీ, "తోడు వెళ్లడం" అనీ ముక్కలై చెల్లాచెదురవుతాయి. అన్నీ ఒక్కచోట కూడితే తప్ప అవెంత పెద్దవో తెలియదని ఆవిడ వాదన. మన ఇంటిపని కథ కూడా అదే కదండీ. వంట ఒకచోట, ఉతుకు ఒకచోట, పిల్లాడి హోంవర్కు ఒకచోట. కలిపి చూసేవాళ్లు లేక అదంతా "ఏం లేదు" అయిపోయింది.

ముంబయిలో 2020లో జరిగిన ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. కరోనా మూలంగా లోకల్ రైళ్లు అత్యవసర ఉద్యోగులకే నడిచిన రోజులవి. అక్టోబరు 21 నించి ఆడవాళ్లందరినీ ఎక్కనిచ్చారు. ఏ వేళల్లో? పగలు 11 నించి 3 దాకా, మళ్లీ రాత్రి 7 దాటాక. గుంపు తగ్గించడానికే ఆ ఏర్పాటు, కాదనను. అయితే "ఆడవాళ్ల వేళ" అనగానే సర్కారుకీ రైల్వేకీ తోచింది ఈ ఖాళీ వేళే! మా వేళ ఏదో మీకే తెలిసినప్పుడు, ఆ వేళకే బండ్లు పల్చబడ్డం ఏం న్యాయం?

మన హైదరాబాదు సంగతికి వద్దాం. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు మొదలయ్యాయి. రాష్ట్ర ప్రభుత్వమూ రైల్వే శాఖా కలిసి ఖర్చు పెట్టుకుని వేసిన పథకం. లింగంపల్లి, నాంపల్లి, సికింద్రాబాదు, ఫలక్‌నుమా కలిశాయి. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా, ఉందానగర్ దాకా సాగాయి. టిక్కెట్టు 5 రూపాయల నించే మొదలు. ఇంత చవక ప్రయాణం ఈ ఊళ్లో మరొకటి వెతకాలి. కానీ చవక బండి గంటకి గానీ రాదంటే, ఆ చవక ఎవరికి దక్కినట్టు? ఆటోకి డబ్బు లేనివాళ్లు ఫ్లాట్‌ఫారం మీద కాలం చెల్లించి ప్రయాణం చేస్తారు. పేదవాడి జేబులో ఎప్పుడూ చెల్లే నాణెం కాలం ఒక్కటేగా!

కొంచెం లెక్క వేద్దాం, భయపడకండి, పాలవాడి లెక్క కన్నా తేలికే. గంటకో బండి ఉంటే, టైము చూడకుండా స్టేషనుకి వచ్చిన మనిషి సగటున అరగంట నిలబడాలి. అరగంటకో బండి వేస్తే పావుగంట. అంటే మనిషికి పావుగంట మిగులు. నూరు మందికి? ఇరవై అయిదు గంటలు! ఒక్క బండి అదనంగా నడిస్తే ఒక పగలూ ఒక రాత్రీ, పైన మరో గంటా తిరిగొస్తున్నాయి. "టైము చూసుకునే వస్తాంలెండి" అంటారేమో. అప్పుడు ఎదురుచూపు ఇంట్లో జరుగుతుంది. డాక్టరు పదకొండింటికి రమ్మంటే పదింటి బండికే వెళ్లి ఆసుపత్రి బెంచీ మీద కూర్చోవడం కూడా ఎదురుచూపే.

"పగటి బండ్లు ఖాళీగా పోతున్నాయమ్మా, వేసి ఏం లాభం?" అని జవాబు వస్తుంది. బండి లేదు గనక జనం రారు, జనం రారు గనక బండి లేదు. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్నట్టుంది వరస. ఈ ముడి ఎటు నించి విప్పాలో ఆర్థికశాస్త్రమూ చెప్పింది. 1972లో హెర్బర్ట్ మోరింగ్ అనే అమెరికా ఆర్థికవేత్త బస్సుల గురించి రాస్తూ, బండ్లు పెరిగితే కొత్తగా ఎక్కేవాళ్లకే కాదు, అప్పటికే ఎక్కుతున్నవాళ్లందరికీ ఎదురుచూపు తగ్గుతుందని చూపించాడు. ఆ లాభం టిక్కెట్ల పెట్టెలో కనబడదు. కనబడనంత మాత్రాన లేనట్టు కాదుగా.

అయినా ఖాళీ అంటే దండుగేనా? రాత్రి డ్యూటీ నర్సు ఉంది. ఆ రాత్రి ఏ రోగీ లేచి పిలవలేదు. ఆవిడ జీతం దండగంటామా? పిలిస్తే పలికే మనిషి ఉందన్న ధైర్యంతోనే వార్డంతా నిద్రపోయింది. బండి కూడా అంతే. పదకొండింటికి పోయాక పదకొండున్నరకి ఇంకోటుందన్న భరోసా ఉంటేనే ఒక ఆడది బయటికెళ్లి కంప్యూటరు క్లాసులో చేరుతుంది, పూటపనికి ఒప్పుకుంటుంది, అమ్మని చూసి బడి వదిలే వేళకి తిరిగొస్తుంది. ఎక్కిన తలల్ని లెక్కపెట్టగలం. బండి లేక గుమ్మంలోనే ఆగిపోయిన కాళ్లని ఎవరు లెక్కపెడతారు?

రైల్వేవాళ్ల మాటా వినాలి, ఏ మాటకామాటే. ఎం.ఎం.టి.ఎస్. నడిచే పట్టాల మీదే ఎక్స్‌ప్రెస్సులూ గూడ్సులూ నడవాలి. పట్టాలు బాగుచెయ్యడానికి కొంతసేపు దారి ఆపాలి. "పొద్దున్న కిక్కిరిసి వేలాడేవాళ్ల సంగతి ముందు చూడండి" అనేవాళ్లున్నారు, వాళ్లదీ న్యాయమే. కానీ పొద్దుటి రద్దీకోసం కొన్న పెట్టెలు పగలు ఊరికే నిలబడతాయి. వాటిని కదిలించడానికి కొత్త రైలు కొననక్కర్లేదు. కరెంటు, సిబ్బంది, పట్టాల మీద కాస్త చోటు కావాలి. పగలు భరోసా ఉంటే పొద్దుటి గుంపులోంచి వీలున్నవాళ్లు కొందరు పగటి బండికి జరుగుతారు. వేలాడేవాళ్లకీ అది మేలే.

మనం నిమిషానికో బండి అడగడం లేదు. స్విట్జర్లాండులో 1982 నించి ఒక పద్ధతి పెట్టుకున్నారు. పగలల్లా గంటగంటకీ అదే నిమిషానికి బండి. ఒకసారి నోటికొస్తే చాలు, టైంటేబుల్ పుస్తకంతో పనిలేదు. మనకీ అలాంటిదే కావాలి. అరగంటకొకటి, గుర్తుండే నిమిషానికి, చెప్పినవేళకి. ఏదైనా రద్దు చెయ్యక తప్పనప్పుడు, ప్రతిసారీ కత్తి పగటి బండి మెడ మీదే పడకూడదు.

"ఆడవాళ్లకి బస్సు ఊరికేగా, ఇంకా రైలెందుకు?" అని ఒకరంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు నించి, ఆంధ్రలో 2025 ఆగస్టు నించి ఆ వసతి ఉంది, మంచిదే. కానీ డబ్బు మాఫీ చెయ్యగలరు గాని, ట్రాఫిక్‌లో కరిగిన గంటని మాఫీ చెయ్యగల సర్కారు ఇంకా పుట్టలేదు.

మనిషికి దేవుడిచ్చిన ఆస్తి ఇరవై నాలుగు గంటలు. కలెక్టరుకీ అంతే, గిన్నెలు తోమే అమ్మాయికీ అంతే. ఒకరి గంట బంగారం, ఒకరి గంట ఊక అని తూచే తక్కెడ ఎవరి చేతిలో ఉన్నా అది దొంగ తక్కెడే. రైల్వే డివిజనుకీ జోనుకీ ప్రయాణికుల సలహా సంఘాలున్నాయి. వాటికి ఒక కార్డు ముక్క రాయండి. ఏ స్టేషనులో, ఏ వేళ, ఎంతసేపు నిలబడ్డారో తేదీ వేసి మరీ రాయండి. రాయడానికి తీరిక ఎక్కడిదంటారా? బండికోసం చూస్తూ కూర్చున్నప్పుడే రాయండి! అడగందే అమ్మయినా పెట్టదంటారు. రైలు అమ్మ కన్నా ప్రేమగలదేం కాదు.